కొండ నీళ్లు, మన చేతి పని

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి ఊరేగింపులో నడిచారు, థింసా ఆడారు, మధ్యలో వానకు తడిశారు. అన్నం వేళ కూడా దగ్గరపడింది. అందుకని పెద్ద పెద్ద మాటలు పెట్టుకోం. ఒక్క సంగతే మాట్లాడతాం. నీళ్ల సంగతి, నీళ్ల మీద దొరికే పని సంగతి.

ముందు ఒక ప్రశ్న. విశాఖపట్నం ఎవరి నీళ్లు తాగుతోంది? గోస్తని నది మన అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా కిందికి దిగి తాటిపూడి జలాశయంలో చేరుతుంది. శారద నది పుట్టిందీ అనంతగిరి వైపు కొండల్లోనే. రైవాడ జలాశయం కట్టింది దాని మీదే. ఈ రెండు జలాశయాల నీళ్లూ విశాఖ నగరం తాగుతోంది. ఇటు పడమటి వైపు చూడండి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని సామర్థ్యం 120 మెగావాట్లు. ఆ నీళ్లే ఇంకా కిందికి దిగి ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, దిగువ సీలేరులో 460 మెగావాట్ల యంత్రాలను తిప్పుతున్నాయి.

అంటే మన కొండల నీళ్లు పట్నం గొంతు తడుపుతున్నాయి, పట్నం ఇళ్లలో దీపాలు వెలిగిస్తున్నాయి. మరి ఆ నీటిని పట్టి, శుద్ధి చేసి, పంపు చేసి, కొలిచి, పంచే పనిలో జీతం తీసుకుంటున్న మనవాళ్లు ఎంతమంది? ఇందాక ఇదే మాట అడిగి, ఇంట్లో ఎవరైనా నీటి పనిలో ఉంటే చెయ్యెత్తమన్నాం. ఇంత పెద్ద సభలో మూడు చేతులు లేచాయి. ఆ మూడింటిలో రెండు పైపులైన్ కందకాలు తవ్వే కూలీ పనికి వెళ్లినవాళ్లవి.

కందకం తవ్వడం తప్పు పని కాదు. కానీ కందకం తవ్వినవాడికి రోజు కూలితో సరి. అందులో పైపు దించి, జాయింటు వేసి, నీళ్లు వదిలి, ప్రెషర్ చూసినవాడికి జీతం, గుర్తింపు. ఇద్దరూ ఒకే కందకంలో నిలబడతారు. తేడా ఒక ఏడాదో రెండేళ్లో నేర్చుకున్న పని, దానికి ఒక కాగితం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ మేము మా తప్పు ఒప్పుకోవాలి. ఇన్నేళ్లుగా మా సంఘం మీకు చెప్పింది రెండే దారులు. టీచరు అవ్వు, లేకపోతే కానిస్టేబులు అవ్వు. కోచింగ్ పెట్టినా వాటికే పెట్టాం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో వచ్చిన మూడో నంబరు జీవో మనకు కొండంత అండ. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రోజు మన ఊళ్లలో బీఈడీ, డీఈడీ చేసి ఎదురు చూస్తున్న పిల్లల మొహాలు మేము చూశాం. ఆ హక్కు కోసం పోరాటం ఆగదు, ఆగకూడదు కూడా. కానీ అందరం ఒకే గుమ్మం ముందు నిలబడి, ఆ తలుపు మూసేశారని ఇళ్లకు తిరిగొచ్చేశాం. పక్కనున్న తలుపులు తట్టి చూడమని మేము మీకు చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాం.

ఈ మాట మాకు ఎలా తోచిందో చెబుతాం. పోయిన వేసవిలో మా సంఘం సభ్యులం కొన్ని ఊళ్లు తిరిగాం. ఒక ఊళ్లో ఇంటింటికీ కుళాయి ఉంది. సిమెంటు దిమ్మె, నీలం పైపు, మీద ఇత్తడి ట్యాపు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. తిప్పితే గాలి కూడా రాలేదు. ఎన్నాళ్లయిందని అడిగితే ఎనిమిది నెలలు అన్నారు. కొండ మీది ఊట నుంచి పైపు వేసిన గ్రావిటీ స్కీము అది. వానల్లో కొట్టుకొచ్చిన మట్టి ఊట కుండీలో చేరి పైపు నోరు పూడిపోయింది. దారిలో ఒకచోట రాయి పడి జాయింటు ఊడింది. పని చేయించిన గుత్తేదారు బిల్లు అయ్యాక కనిపించలేదు. ఊరివాళ్లు అర్జీలు పెట్టారు. ఆడవాళ్లు మళ్లీ బిందెలెత్తుకుని పాత చెలమ దారి పట్టారు.

ఇటుకల పండుగకి ఆ ఊరి కుర్రాళ్లిద్దరు సెలవు మీద వచ్చారు. పట్నంలో అపార్టుమెంట్లు కట్టేచోట ప్లంబరు దగ్గర హెల్పర్లు. పొద్దున్నే కొండెక్కి కుండీలో మట్టి తోడేశారు, పైపు నోటికి జల్లెడ కట్టారు, ఊడిన జాయింటు కోసి కొత్త కప్లింగ్ వేశారు. మధ్యాహ్నం దాటేసరికి కుళాయిల్లో నీళ్లు. ఎనిమిది నెలల కష్టం ఒక పూటలో తీరింది. ఖర్చయిన సామాను చూస్తే ఒక కోడి వెల కూడా కాలేదు.

కథ ఇక్కడితో అయిపోతే మేము ఈ ప్రసంగం చేసేవాళ్లం కాదు. పండుగ అయిపోయింది, కుర్రాళ్లు పట్నం వెళ్లిపోయారు. వానలు మొదలయ్యాయి. మళ్లీ మట్టి, మళ్లీ పైపు మూసుకుపోవడం, మళ్లీ బిందెలు. పని తెలిసినవాళ్లు ఊళ్లో లేరు, ఊళ్లో ఉన్నవాళ్లకు పని తెలియదు. అక్కడ పట్నంలో ఆ ఇద్దరికీ పని వచ్చినా కాగితం లేదు కాబట్టి ఇప్పటికీ హెల్పర్ కూలే. ఊరికి నీళ్లు లేవు, పిల్లలకు గుర్తింపు లేదు. రెండూ ఒకే జబ్బు. మందు కూడా ఒకటే అని మాకు అనిపించింది.

ఇప్పుడు ఈ పని ఎలాంటిదో కొంచెం చూద్దాం. నీటి పని అంటే పైపులు బిగించడం ఒక్కటే అనుకోవద్దు.

మన ఊటనే తీసుకోండి. ఊట ఊరికి సరిపోతుందా లేదా అని ఎలా చెబుతారు? ఒక 20 లీటర్ల బకెట్టు, ఒక గడియారం చాలు. బకెట్టు 40 సెకన్లలో నిండిందనుకోండి. అంటే సెకనుకు అర లీటరు. నిమిషానికి 30 లీటర్లు. రోజుకు 43,200 లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు. భాగించండి, 785 మందికి సరిపోతుంది. అదే ఊట చైత్ర మాసంలో కొలిస్తే బకెట్టు నిండడానికి 100 సెకన్లు పట్టిందనుకోండి. రోజుకు 17,280 లీటర్లే. 314 మందికి మించి చాలదు. మీ ఊరు 60 గడపలు, 300 మంది అయితే అంచుకు వచ్చేసినట్టే. రాత్రంతా పారే నీళ్లు వృథా పోకుండా ట్యాంకు కట్టుకోవాలి, పైన ఊట చుట్టూ చెట్లు కాపాడుకోవాలి. వానాకాలంలో ఒక్కసారి కొలిచి స్కీము వేసేస్తే వేసవిలో కుళాయి ఎండిపోక ఏమవుతుంది?

ఇంకొకటి. ఊట ఊరికంటే 10 మీటర్లు ఎత్తున ఉంటే పైపు అడుగున చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ప్రెషర్ ఉంటుంది. 60 మీటర్ల ఎత్తయితే ఆరు కిలోలు. నాలుగు కిలోల పైపు తెచ్చి ఆరు కిలోల చోట వేస్తే పగులుతుంది. అందుకే మధ్యలో ప్రెషర్ తగ్గించే తొట్టి కడతారు. ఇదంతా మీరు తొమ్మిదో తరగతిలో చదివిన లెక్కే. బళ్లో అది మార్కుల కోసం చదివారు, ఇక్కడ అది మీ అమ్మ భుజం మీద బిందె బరువు.

ఇక పట్నంలో శుద్ధి కేంద్రం చూడండి. జలాశయం నీళ్లు ముందు మెట్ల మీదుగా దూకుతూ గాలి పీల్చుకుంటాయి. తర్వాత పటిక కలుపుతారు. బురద ముద్దలు కట్టి పెద్ద తొట్టి అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీళ్లు ఇసుక పడకల గుండా వడకడతాయి. ఆ ఇసుకను ఎప్పటికప్పుడు కింది నుంచి నీళ్లు, గాలి ఎదురు తోసి కడగాలి. చివర క్లోరిన్. అక్కడి నుంచి సంపు, పంపులు, ఎత్తు ట్యాంకు, వాల్వులు, వీధి పైపులు, మీటర్లు. ఈ దారి పొడుగునా మనుషులు కావాలి. పంపు నడిపేవాళ్లు, మోటారు బాగుచేసే ఎలక్ట్రీషియన్లు, వాల్వులు, బేరింగులు మార్చే ఫిట్టర్లు, లైన్‌మన్లు, వెల్డర్లు, ప్రవాహం కొలిచే పరికరాలు చూసే మెకానిక్కులు, ప్రయోగశాలలో నీటి పరీక్ష చేసే కెమిస్టులు, పైన ఏఈలు, డీఈలు.

కర్మాగారాల సంగతి కూడా మరిచిపోవద్దు. ఉక్కు, మందులు, కరెంటు, ఏ పరిశ్రమైనా నీళ్లు లేనిదే కదలదు. బాయిలర్‌కు వెళ్లే నీళ్లలో ఉప్పు ఉండకూడదు. బయటికి వదిలే నీళ్లలో విషం ఉండకూడదు. అందుకని లోపలికి వచ్చే నీటికి ఒక ప్లాంటు, బయటికి పోయే నీటికి ఇంకో ప్లాంటు ఉంటాయి. పరవాడ, అచ్యుతాపురం వైపు పనికి వెళ్లే మన పిల్లలు చాలామంది గేటు దగ్గర లోడింగ్ పని చేస్తున్నారు. అదే గేటు లోపల ఈ ప్లాంట్లున్నాయి.

సరే, అక్కడికి వెళ్లే దారి ఏది?

మొదటి దారి ఐటీఐ. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. ప్లంబర్, వెల్డర్, పంప్ ఆపరేటర్ కమ్ మెకానిక్ ఒక ఏడాది. కొన్ని ట్రేడులకు ఎనిమిదో తరగతి చాలు, కొన్నిటికి పది కావాలి. మనకు అరకులోయలోనే ఐటీఐ ఉంది. ఏ ట్రేడు ఏ ఐటీఐలో ఉందో, ఈ ఏడాది ఎన్ని సీట్లో అడ్మిషన్ల సమయంలో కనుక్కోవాలి. నీటి పనిలోకి రావాలంటే ప్లంబరు ట్రేడే చదవాలని లేదు. ఫిట్టరు, ఎలక్ట్రీషియను ఏ పంపుహౌసుకైనా కావాల్సిన మనుషులే. ఒక చోట పని లేకపోతే ఇంకో చోటికి వెళ్లే వీలూ ఆ రెండింటికే ఎక్కువ.

రెండో దారి పాలిటెక్నిక్. పది పాసై పాలిసెట్ రాస్తే సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ డిప్లొమా. పాడేరులోనే మన పిల్లల కోసం పాలిటెక్నిక్ ఉంది. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఇంజినీరింగ్ అసిస్టెంట్ అని ఒక పోస్టు పెట్టారు. సివిల్ డిప్లొమా ఉన్నవాళ్లు దానికి అర్హులయ్యారు. ఆ రోజు డిప్లొమా చేతిలో ఉన్న మన పిల్లలు సొంత ఊళ్లకు దగ్గరలో ఉద్యోగంలో చేరారు. లేనివాళ్లు దరఖాస్తు కూడా పెట్టలేకపోయారు. నోటిఫికేషన్ వచ్చాక చదువు మొదలుపెడితే అందదు.

మూడో దారి డిగ్రీ. బీఎస్సీలో కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లకు నీటి పరీక్ష కేంద్రాలున్నాయి. జియాలజీ, జియోఫిజిక్స్ మీద మనసుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రెండు శాఖలూ ఉన్నాయి. ఆ చదువు పూర్తి చేసినవాళ్లు కేంద్ర భూగర్భ జల మండలిలో శాస్త్రవేత్తలయ్యే పరీక్షను యూపీఎస్సీ నిర్వహిస్తుంది. ఏ కొండలో ఏ రాతి కింద నీళ్లున్నాయో మన తాతలు చెట్టును చూసి, చీమల పుట్టను చూసి చెప్పేవారు. ఏ ఊట ఏ నెలలో ఎండుతుందో ఇప్పటికీ మన ముసలమ్మలు చెబుతారు. ఆ ఎరుక ఉన్న ఇంటి పిల్ల జియాలజీ చదివితే ఆమెకు సాటి ఎవరు?

ఇప్పుడు అసలు మాట, అప్రెంటిస్‌షిప్. ఐటీఐ పాసైన పిల్లలు చాలామంది సర్టిఫికెట్టు పెట్టెలో పెట్టుకుని ఇంటికి వచ్చేస్తున్నారు. అడిగితే అనుభవం లేదని ఎవరూ తీసుకోలేదంటారు. ఆ అనుభవం ఇచ్చేదే అప్రెంటిస్‌షిప్. 1961లోనే దీనికి చట్టం చేశారు. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ ఏదైనా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. మొత్తం సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం వరకు తీసుకోవచ్చు. ఈ చట్టంలోనే మూడు-ఎ సెక్షన్ ఉంది. శిక్షణ స్థానాల్లో ఎస్సీ, ఎస్టీలకు కొన్ని కేటాయించాలని అది చెబుతోంది. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. చట్టం రాసి పెట్టిన హక్కు. అడిగేవాడు లేక ఖాళీగా పోకూడదు.

నేర్చుకునే కాలంలో స్టైపెండ్ ఇస్తారు. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం కనీసం ఇంత అని చదువును బట్టి 5,000 నుంచి 9,000 రూపాయల దాకా ఉంది. ఐటీఐవాళ్లకు 7,000, డిప్లొమావాళ్లకు 8,000, డిగ్రీవాళ్లకు 9,000. అంతకంటే ఎక్కువ ఇవ్వకూడదని ఎక్కడా లేదు. దరఖాస్తు పెట్టే రోజున పోర్టల్లో ఎంత ఉందో చూసుకోండి. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో నాలుగో వంతు, 1,500 మించకుండా, కేంద్రం నేరుగా మీ ఖాతాలో వేస్తుంది. అందుకని ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా నడుస్తూ ఉండాలి. వయసు 14 నిండాలి, ప్రమాదం ఉండే పనులకు 18 నిండాలి. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇచ్చే బాధ్యత యజమానిదే. చివర పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. దేశంలో ఎక్కడికి వెళ్లినా చెల్లుతుంది.

దరఖాస్తుకు డబ్బు కట్టక్కర్లేదు. ఐటీఐవాళ్లు, పది చదివినవాళ్లు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో, డిప్లొమా, డిగ్రీవాళ్లు నాట్స్ పోర్టల్లో పేరు నమోదు చేసుకోవాలి. సీటు ఇప్పిస్తానని ఎవడైనా చేయి చాపితే వాడు దళారి. వాడికి పైసా ఇవ్వకండి, వాడి పేరు మాకు చెప్పండి.

మంచి మాటలే చెప్పి మిమ్మల్ని పంపించేస్తే మేమూ దళారులమే అవుతాం. కష్టాలు కూడా చెబుతాం.

అప్రెంటిస్‌షిప్ ఉద్యోగం కాదు. అది పూర్తయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం సంస్థను కట్టడి చేయదు. 7,000 రూపాయలతో విశాఖలో గది అద్దె, తిండి, బస్సు ఖర్చు వెళ్లవు. ఒక్కడే గది తీసుకుంటే మూడో నెలకే ఇంటిదారి పడతాడు. నలుగురు కలిసి ఉంటే నెట్టుకురావచ్చు. ఊళ్లలో పంపు నడిపేవాళ్లకు ఇచ్చేది చాలాచోట్ల తక్కువే, అదీ ఆలస్యంగా వస్తుంది. పెద్ద ప్లాంట్లలోనూ కాంట్రాక్టు పద్ధతి ఎక్కువ. ఇవన్నీ తెలిసే వెళ్లండి. వెళ్లినచోట హాజరు, జీతం చీటీ, పీఎఫ్ నంబరు అడిగి తీసుకోండి. అడగడం నామోషీ కాదు.

ప్రాణం మీదికి వచ్చే సంగతి ఒకటుంది, చెవిన పెట్టండి. మురుగు నీటి పని కూడా నీటి పనిలో భాగమే. ఆ ప్లాంటులో ఆపరేటరుగా, కెమిస్టుగా చేరండి, తప్పు లేదు. కానీ రక్షణ పరికరాలేవీ లేకుండా మ్యాన్‌హోల్లోకి, సెప్టిక్ ట్యాంకులోకి దిగమని ఎవరన్నా చెబితే దిగకండి. ఎంత డబ్బిస్తానన్నా దిగకండి. 2013లో వచ్చిన చట్టం అలా దింపడాన్ని నిషేధించింది. లోపలి గాలికి రంగుండదు, రెండు ఊపిరుల్లో మనిషి పడిపోతాడు. వాడిని తీయబోయి రెండోవాడు పోతాడు. క్లోరిన్ గది సంగతి కూడా అంతే. క్లోరిన్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. లీకైతే కిందికి వంగకండి, గాలికి ఎదురు దిక్కున ఎత్తయిన చోటికి పరుగెత్తండి. పని పోతే ఇంకో పని దొరుకుతుంది. మీ అమ్మకు ఇంకో బిడ్డ దొరకడు.

చెల్లెళ్లారా, ఇది మగవాళ్ల పని కదా అని మీలో కొందరు సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు. తల ఎత్తండి. ఊళ్లో ఏ ఊట తీపి, ఏది చప్పన, ఏ గెడ్డ ఎప్పుడు ఎర్రబడుతుందో మీకు తెలిసినంత మగపిల్లలకు తెలుసా? నీళ్లు మోసింది మీరు. జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలని పెట్టారు. చిన్న పెట్టె ఇస్తారు, అందులో సీసాలు, రంగు చార్టులు. తాగునీటికి ఐఎస్ 10500 అని ఒక ప్రమాణం ఉంది. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరక్కపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చు. నైట్రేట్ 45 దాటకూడదు. క్లోరిన్ కలిపిన నీళ్లయితే కుళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కొలి క్రిమి ఒక్కటి కూడా కనపడకూడదు. వానాకాలం మొదలవగానే మన ఊళ్లలో వాంతులు, విరేచనాలు, టైఫాయిడ్ అంటూ మంచాలు పరుస్తారు. ఈ నాలుగు అంకెలు తెలిసిన ఒక్క ఆడపిల్ల ఊళ్లో ఉంటే ఆస్పత్రికి మోసుకెళ్లే డోలీలు కొన్ని తగ్గుతాయి. ఆ ఐదుగురిలో మీరుండండి. అక్కడితో ఆగకుండా బీఎస్సీ చదివి ప్రయోగశాల దాకా వెళ్లండి.

పని వచ్చి కాగితం లేని ఆ ఇద్దరు కుర్రాళ్లలాంటి వాళ్లు ఈ సభలోనూ ఉన్నారు. మీ కోసం ఆర్పీఎల్ అని ఒక పద్ధతి ఉంది. అంటే ఇదివరకే నేర్చుకున్న పనికి గుర్తింపు. బడికి మళ్లీ వెళ్లక్కర్లేదు. కొద్ది రోజుల శిక్షణ, ఒక పరీక్ష, పని చేసి చూపించాలి. పాసైతే సర్టిఫికెట్టు. మేము ఆ ఇద్దరికీ ఫోను చేసి ఈ సంగతి చెప్పాం. ఒకడు నమ్మలేదు. రెండోవాడు పేరు నమోదు చేసుకున్నాడు.

చదువుకున్నది పైపులు బిగించడానికా అని మీ ఇంట్లో అడగొచ్చు. మమ్మల్నీ అడిగారు. ఒక ఊళ్లో ఒక తండ్రి కోపంగా అన్నాడు, నేను మట్టి పిసికింది చాలు, నా కొడుకు కుర్చీలో కూర్చోవాలి అని. ఆ కోపం న్యాయమైనదే. ఆయనకు మేము ఇలా చెప్పాం. అన్నా, కుర్చీలు తక్కువ, వాటి ముందు నిలబడ్డ పిల్లలు ఎక్కువ. నీ కొడుకు ముందు చేతి పని నేర్చుకుని అక్కడి నుంచి డిప్లొమాకి, డిప్లొమా నుంచి ఇంజినీరింగుకు ఎక్కొచ్చు. ఐటీఐ చేసినవాడికి పాలిటెక్నిక్‌లో, పాలిటెక్నిక్ చేసినవాడికి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారులున్నాయి. మెట్లు ఒక్కొక్కటే ఎక్కితే కుర్చీ దగ్గరికి చేరొచ్చు. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. కానీ కొడుకు ఐటీఐ అడ్మిషను కాగితం మీద వేలిముద్ర కాదు, సంతకం పెట్టాడు.

జల్ జీవన్ మిషన్‌ను 2028 దాకా పొడిగిస్తున్నట్టు 2025 బడ్జెట్టులో ప్రకటించారు. పైపులు వేయడం ఏదో ఒకనాడు అయిపోతుంది. వేసిన వాటిని నడపడం, బాగుచేయడం ఎప్పటికీ అయిపోదు. ఆ పనికి బయటి నుంచి మనిషి రావాలా, మన ఊరి పిల్ల చేయాలా? పెసా చట్టం 1996లో వచ్చింది. ఊరి వనరుల మీద గ్రామసభకు మాట ఉండాలని చెప్పింది. కానీ పైపు సైజు ఎంతో, ఊట ఎంతో తెలియని గ్రామసభ, ఇంజినీరు చెప్పిందానికి తల ఊపుతుంది. బకెట్టు, గడియారం పట్టుకుని ఊట కొలిచిన పిల్లవాడు ఆ సభలో లేచి నిలబడి, చైత్రంలో ఈ నీళ్లు చాలవు సార్, ట్యాంకు పెద్దది కట్టండి అంటే అప్పుడు ఆ మాటకు బరువుంటుంది. హక్కు చట్టంలో ఉన్నా దాన్ని వాడుకోవడానికి పని తెలియాలి.

చివరగా మా వంతు ఏమిటో చెప్పి ముగిస్తాం. ప్రతి నెలా మొదటి ఆదివారం మా సంఘం భవనంలో దరఖాస్తులు నింపే బల్ల పెడతాం. కుల ధ్రువపత్రం, ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా మూడింటిలోనూ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ముందు చూసుకుని రండి. మన పిల్లల దరఖాస్తులు ఎక్కువగా ఆగేది అక్కడే. విశాఖకు అప్రెంటిస్‌గా వెళ్లేవాళ్లను నలుగురేసి ఒక గదిలో కలిపే పని, ఇదివరకే అక్కడున్న అన్నలతో పరిచయం చేసే పని మాది. మొదటి నెల స్టైపెండు వచ్చేదాకా అద్దెకు చేబదులు సంఘం నుంచి ఇస్తాం. మా దగ్గర ఉన్నది కొంచెమే. తీసుకున్నవాళ్లు తిరిగిస్తే తర్వాతివాళ్లకు అందుతుంది.

మీ వంతు ఒక్కటే. ఇంటికెళ్లాక ఈ వారంలో ఒక బకెట్టు, ఒక ఫోను పట్టుకుని మీ ఊరి ఊట దగ్గరికి వెళ్లండి. చెప్పులు గట్టు మీదే వదిలి వెళ్లండి, అది మన పద్ధతి. బకెట్టు ఎన్ని సెకన్లలో నిండిందో కాగితం మీద రాయండి. తేదీ వేయండి. మళ్లీ పుష్య మాసంలో, మళ్లీ చైత్రంలో అదే చోట కొలవండి. మూడు అంకెలూ మాకు పంపండి. ఏ ఊరికి ఎన్ని నీళ్లున్నాయో మన దగ్గర మన లెక్క ఉండాలి.

ఆ ఊరి పేరు మేము చెప్పలేదు కదా, ఎనిమిది నెలలు కుళాయి ఎండిన ఊరు. చాలామంది అది మా ఊరేనా అని ఇందాకట్నుంచి గుసగుసలాడుకుంటున్నారు. ఆ ఊరి నుంచి ఈ ఏడాది ఒక అమ్మాయి, ఒక అబ్బాయి ఐటీఐలో చేరారు. ఇద్దరూ ఈ సభలోనే ఉన్నారు. రెండేళ్లు ఓపిక పడదాం. అప్పటిదాకా ఆ కుండీలో మట్టి తోడే పని ఊరి పెద్దలు, మేమూ కలిసి చేస్తాం.

అందరికీ జోహార్. అన్నం సిద్ధమైంది, లేవండి. చేతులు కడుక్కున్నాక కుళాయి కట్టేయడం మరిచిపోకండి.